పందొమ్మిది బొమ్మలు

నచ్చిన సినిమాలు పది చెప్పమంటాడు
మా చెల్లెలి మనవడు, కాగితం ముందేసుకుని.
పేర్లు గుర్తుండవురా నాకు.
చేతికి గుర్తున్నాయి.

గాంధీనగర్‌లో ఇడ్లీ హోటల్ మీద మేడగది.
కింద నుంచి సాంబారు వాసన, గదిలో సిమెంటు వాసన.
ఇళ్ళు కట్టే సిమెంటు కాదు,
తెగిన ఫిలిం అతికించేది, కళ్ళు మండించేది.
ఏ సినిమాకీ నేనంత ఏడవలేదు.

ఇరవై రెండేళ్ళు.
ఊళ్ళు తిరిగి తిరిగి పెట్టెలొచ్చేవి,
తిరువూరు, మాచర్ల, అవనిగడ్డ, చింతలపూడి.
మూత తీస్తే ఒక్కో పెట్టెలో ఒక్కో ఊరి దుమ్ము.
ఎడం చేత్తో చుట్ట తిప్పుతూ
కుడిచేతి వేళ్ళ మధ్య నుంచి జారనిచ్చేదాన్ని.
అంచు చిరిగితే గోరుకి తెలిసేది.
మాటా పాటా లేకుండా, ట్యూబులైటు ముందు,
తలకిందులుగా చూశాను నేను సినిమాలన్నీ.

ఒకటి చెప్తా, రాసుకో.
ఏ ఊరు దేన్ని ప్రేమించిందో
ఉన్న బొమ్మలు చెప్పవు, లేనివి చెప్తాయి.
హీరోయిన్ వెనక్కి తిరిగి నవ్వే చోట
పది బొమ్మలు మాయం.
ఆపరేటరు కత్తిరించి ఏ పిల్లాడికో ఇచ్చుంటాడు,
లేదంటే తన జేబులోనే.
ఫైటింగులో గుర్రం ఎగిరే చోటా అంతే.
కుటుంబయ్య గారు తిట్టేవారు, నేను అతికేదాన్ని.
ఇవతలి గట్టున ఉన్న గుర్రం
ఎగరకుండానే అవతలి గట్టున ఉండేది.

కానీ ఒక సినిమా. నలుపు తెలుపు. వారం ఆడలేదు.
అందులో ఒకావిడ చేటలో బియ్యం ఏరుతుంది.
పాట లేదు, ఏడుపు లేదు.
ఒక రాయి తీసి పారేసి కిటికీ వైపు చూస్తుంది, అంతే.
మాచర్ల నుంచి నాలుగు బొమ్మలు తక్కువై వచ్చింది.
సరిగ్గా ఆ చూపు దగ్గర.
బియ్యం ఏరే మనిషిని జేబులో పెట్టుకుని
ఇంటికి నడిచిపోయిన వాడెవడో,
ఒక్కసారి చూడాలనుండేది.
నా లెక్కలో అది మొదటిది. రాశావా?

రెండోది చెప్పాలంటే కొంచెం సిగ్గు.
ఏలూరు కాలవ గట్టున తీశారు.
చెత్త కథ, పైగా కలర్లో.
మూడో రీల్లో హీరో స్కూటరు మీద వస్తుంటే
వెనకాల, బొమ్మ అంచున,
బస్తా మోసుకుంటూ ఒకాయన నడిచిపోతాడు.
మా నాన్న.
షూటింగని ఆయనకి తెలియదు.
ఉల్లిపాయలు మార్కెట్టుకి చేరాలని తెలుసు.
పందొమ్మిది బొమ్మలు.
ఇరవై నాలుగైతే ఒక సెకను.
సెకను కూడా లేడు ఆయన.

ఆ ప్రింటు నా చేతికొచ్చేసరికి పోయి రెండేళ్ళు.
ఫోటో దిగిన మనిషి కాదు.
ఎవరూ అడగని సినిమా, పెట్టె మా గదిలోనే పడుండేది.
అన్నాలయ్యాక మూడో చుట్ట తీసి
ఆయన్ని నడిపించేదాన్ని.
నెమ్మదిగా తిప్పితే నెమ్మదిగా వచ్చేవాడు.
వెనక్కి తిప్పితే
బస్తా దింపకుండానే వెళ్ళిపోయేవాడు.

ఓసారి నూజివీడు మార్నింగ్ షోకి అడిగారు.
పంపే ముందు నేనూ దొంగనయ్యాను.
మూడే తీశాను.
మిగతా పదహారు బొమ్మలూ
నూజివీడు జనం ముందు ఆయన నడవాలి కదా.
గోరుకి కూడా తెలియకుండా అతికాను.

ఆ తర్వాత పెట్టెలు రావడమే ఆగిపోయింది.
ఒక ఆదివారం ప్రింట్లన్నీ కిలోల లెక్కన తూచారు.
నేను ఊళ్ళో లేను. గుణదల తిరునాళ్ళో ఉన్నాను.

ఇదిగో, నీ ఫోను లైటు పెట్టి చూడు.
అటు కాదు, తిరగెయ్యి.
మూడింట్లోనూ కుడికాలు గాల్లోనే ఉంది చూశావా?
కింద ఆనించిన బొమ్మ
తూకంలో పోయింది.